హైదరాబాద్ రాజ్యంలో పైగా, జాగీర్దారీ వ్యవస్థ

ఆసఫ్ జాహీ నిజాముల కాలంలో సైనిక సేవకు, దర్బారు కొలువుకు, విధేయతకు ప్రతిఫలంగా రొక్కపు జీతం బదులు గ్రామాల శిస్తును అప్పగించే పద్ధతిని జాగీర్దారీ వ్యవస్థ అంటారు. అలా శిస్తు దక్కిన గ్రామాల సముదాయం జాగీరు, దాన్ని అనుభవించేవాడు జాగీర్దారు. నిజాం సొంత అశ్విక దళాలను పోషించే బాధ్యతతో ఒకే కుటుంబానికి ఇచ్చిన అతిపెద్ద జాగీర్లకు పైగా అని పేరు. 1724లో రూపుదిద్దుకున్న జాగీర్దారీ ఏర్పాటు 1949 ఆగస్టు 15న చట్టం ద్వారా రద్దయింది.

సైన్యాన్ని పోషించడానికి భూమిని పంచి ఇవ్వడం ఒక్క హైదరాబాద్‌లోనే జరగలేదు. దాదాపు ఇదే కాలంలో జపాన్‌ను తొకుగావా షోగన్లు సైనిక ప్రభుత్వంతో, సామంత ప్రభువులతో ఏలారు (చూ. జపాన్‌తో పోలిక). హైదరాబాద్‌లో దళాల అవసరం తీరిపోయాక కూడా వాటి పేరిట ఇచ్చిన భూమి ఆయా కుటుంబాల చేతిలోనే ఉండిపోయింది. ఆ భూమిని దున్నే రైతుపై భారం ఏమాత్రం తగ్గలేదు. ఈ వ్యవస్థ చరిత్రను ప్రధానంగా ఈ కోణం నుంచే చదవాలి.

నేపథ్యం

తెలుగు నేలలో భూమికీ సైన్యానికీ ముడి కాకతీయుల నాటికే ఉంది. ప్రతాపరుద్రుని పాలనలో (1289–1323) నాయంకర పద్ధతి స్థిరపడింది. నాయకునికి కొన్ని ఊళ్లు ఇస్తారు. అతడు నిర్ణీత సంఖ్యలో కాల్బలాన్ని, గుర్రాలను సిద్ధంగా ఉంచి రాజు పిలిచినప్పుడు తరలిరావాలి. ఓరుగల్లు కోట 77 బురుజులకు 77 మంది నాయకులు కాపలా ఉండేవారని సంప్రదాయ కథనం. విజయనగర పాలకులు దీన్నే అమరనాయక పద్ధతిగా విస్తరించారు. గోల్కొండ కుతుబ్ షాహీలు (1518–1687) కూడా కోటల కాపలాకు తెలుగు నాయక్‌వాడీలను కొనసాగించారు.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక మొగలుల మన్సబ్‌దారీ పద్ధతి ఇక్కడికి వచ్చింది. ప్రతి మన్సబ్‌దారుకు రెండు అంకెలు ఉండేవి. జాత్ అతని హోదాను, సవార్ అతడు పోషించాల్సిన గుర్రపు రౌతుల సంఖ్యను తెలిపేవి. ఈ లెక్క కాగితాలకే పరిమితం కాకుండా కట్టుదిట్టమైన తనిఖీ ఉండేది. అర్జ్-ఓ-చెహ్రా అనే పత్రాలలో రౌతు పేరు, తండ్రి పేరు, ముఖకవళికలు, మచ్చలు, గాట్లు, గుర్రం రంగు, దానిపై వేసిన దాగు ముద్ర నమోదయ్యేవి. ఒకే గుర్రాన్ని ఇద్దరు అధికారులు చూపి రెండు జీతాలు తీసుకోకుండా చూడడమే ఈ నమోదు ఉద్దేశం. షాజహాన్, ఔరంగజేబుల కాలానికి చెందిన ఇలాంటి పత్రాలు లక్షకు మించి తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.  మూడున్నర శతాబ్దాల కిందటి మామూలు సైనికుని ముఖం గురించి ఇంత వివరంగా చెప్పే ఆధారాలు దక్కనులో మరెక్కడా ఇంత పెద్ద సంఖ్యలో లేవనే చెప్పాలి.

స్థాపన

మొగల్ సుబేదారు మీర్ ఖమరుద్దీన్ ఖాన్, నిజాం-ఉల్-ముల్క్, 1724 అక్టోబరులో బేరారులోని షకర్ ఖేడా వద్ద ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కనును చేజిక్కించుకున్నాడు. మరుసటి ఏడు ఢిల్లీ పాదుషా అతనికి ఆసఫ్ జా బిరుదు ఇచ్చాడు. ఢిల్లీ పట్ల నామమాత్రపు విధేయత కొనసాగినా, జాగీర్లు ఇచ్చే అధికారం ఇక్కడి పాలకునికే దక్కింది. మొగల్ పద్ధతిలో జాగీర్లను కొన్నేళ్లకోసారి ఒకరి నుంచి తప్పించి మరొకరికి మార్చేవారు. ఎవరూ ఒకచోట వేళ్లూనకుండా చూడడం దాని ఉద్దేశం. హైదరాబాద్‌లో ఈ మార్పిడి క్రమంగా ఆగిపోయి, జాగీరు తండ్రి నుంచి కొడుకుకు వెళ్లడం ఆనవాయితీగా మారింది. తర్వాతి రెండు శతాబ్దాల పరిణామాలకు ఇదే మూలం.

నిజాం అలీ ఖాన్ (పాలన 1762–1803) రాజధానిని ఔరంగాబాదు నుంచి హైదరాబాద్‌కు మార్చడంతో ఉమరావులు (దర్బారు ప్రభువులు) ఇక్కడే దేవిడీలు (భవంతులు) కట్టుకొని స్థిరపడ్డారు. జాగీర్ల లెక్కలు రెండు దఫ్తర్లలో నడిచేవి. తెలంగాణ వైపు లెక్కలు చూసే దఫ్తర్-ఎ-మాల్ కాయస్థులైన మాల్‌వాలా కుటుంబం చేతిలో, మరాఠ్వాడా వైపు లెక్కలు చూసే దఫ్తర్-ఎ-దివానీ రాయ్ రాయాన్ కుటుంబం చేతిలో వంశపారంపర్యంగా ఉండేవి. ఏ ఊరు ఎవరిదో తేల్చే కాగితం ఆ ఇళ్లలోనే ఉండేది కాబట్టి కత్తి పట్టిన ఉమరావులు కూడా వారిని గౌరవించక తప్పేది కాదు.

భూముల వర్గీకరణ

సుమారు 82,700 చదరపు మైళ్ల రాజ్యంలో భూమి ప్రధానంగా మూడు విధాలు. ప్రభుత్వమే నేరుగా శిస్తు వసూలు చేసే భూమిని దివానీ లేదా ఖల్సా అనేవారు. నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూమి సర్ఫ్-ఎ-ఖాస్. హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఈ కోవలోకి వచ్చేది. మిగిలినవి జాగీర్లు, సంస్థానాలు, ఇనాములు. ఆఖరి దశలో దివానీ ఐదింట మూడు వంతులు, సర్ఫ్-ఎ-ఖాస్ పదో వంతు, జాగీర్లు, వాటి వంటివి కలిపి మూడో వంతుకు దగ్గరగా ఉండేవని సాధారణ అంచనా.

జాగీర్లలోనూ తేడాలు ఉన్నాయి. వ్యక్తి పోషణకు ఇచ్చినది జాత్ జాగీరు. శాశ్వతంగా, వంశపారంపర్యంగా ఇచ్చినది అల్‌తంఘా. ఫలానా పని చేయాలనే షరతుతో ఇచ్చినది మష్రూతీ. దళాల జీతాలకోసం ఇచ్చినది తన్ఖా-ఎ-జమియత్. పండితులకు, ఫకీర్లకు, మసీదులు, దర్గాలు, దేవాలయాల నిర్వహణకు మదద్-ఎ-మాష్, అగ్రహారం వంటి దానాలు ఉండేవి. నిర్ణీత మొత్తం చెల్లించే షరతుపై ఇచ్చిన గ్రామం మక్తా. వీటిలో సైన్యంతో నేరుగా సంబంధం ఉన్నవి పైగా, జమియత్ జాగీర్లు మాత్రమే. అయినా మొత్తం ఉమరావుల శ్రేణికి హోదా ఇచ్చిన భాష సైనిక భాషే. ‘జంగ్’, ‘దౌలా’, ‘ముల్క్’, ‘ఉమ్రా’, ‘జా’ అనే బిరుదులు మెట్లు మెట్లుగా పెరిగేవి. యుద్ధభూమిని చూడని వారికి కూడా ‘జంగ్’ బిరుదు దక్కేది.

పైగా కుటుంబం

పైగా సంస్థకు ఆద్యుడు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్, మొదటి షంసుల్ ఉమరా. నిజాం అలీ ఖాన్ తన ఆంతరంగిక అశ్విక దళాన్ని ఇతనికి అప్పగించి, దాని పోషణకు విశాలమైన తాలూకాలు ఇచ్చాడు. సూఫీ గురువు బాబా ఫరీద్ తమ మూలపురుషుడని ఈ కుటుంబం చెప్పుకునేది. రెండో షంసుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్ నిజాం కుమార్తెను పెళ్లాడాడు. అప్పటినుంచి నిజాం ఇంటి ఆడపిల్లలను పైగా ఇంటికి ఇవ్వడం తరాల పాటు సాగింది. మిగతా ఉమరావులకు లేని ఈ వియ్యం పైగాలను రాజవంశం తర్వాతి స్థానంలో నిలబెట్టింది.

1877 తర్వాత ఆస్తి ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రా అనే మూడు పైగాలుగా విడిపోయింది. ఆస్మాన్ జా 1887 నుంచి, వికారుల్ ఉమ్రా ఆయన తర్వాత 1901 వరకు రాజ్యానికి ప్రధానమంత్రులుగా పనిచేశారు. ఫలక్‌నుమా ప్రాసాదాన్ని కట్టించింది వికారుల్ ఉమ్రాయే. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పరమైంది. వికారాబాద్ పట్టణానికి ఆయన పేరే వచ్చింది. మూడు పైగాలకూ సొంత తహసీళ్లు, పోలీసు, కోర్టులు, జైళ్లు ఉండేవి. వాటి పరిధిలోని రైతు న్యాయం కోసం నిజాం ప్రభుత్వం దాకా వెళ్లడం చాలా అరుదు.

సంతోష్‌నగర్ దగ్గరి పిసల్‌బండలో ఉన్న పైగా సమాధులు ఈ కుటుంబపు శాశ్వత చిహ్నం. 1780ల చివర తేగ్ జంగ్ సమాధితో మొదలైన ఈ ప్రాంగణంలో గచ్చుతో పోసిన లతలు, జాలీ పలకలు ఉన్నాయి. ఒక పలకపై ఉన్న నమూనా మరోదానిపై కనిపించదని చెబుతారు.

పైగాల తర్వాత ‘ఉమరా-ఎ-ఉజ్జామ్’ అనే అగ్రశ్రేణి కుటుంబాలు ఉండేవి. వాటిలో సాలార్ జంగ్ కుటుంబం, మహారాజా కిషన్ ప్రసాద్ కుటుంబం, ఫక్రుల్ ముల్క్ కుటుంబం ముఖ్యమైనవి. హిందూ, ముస్లిం ఉమరావులు ఒకే మర్యాదలు పాటించి, ఒకే తరహా బిరుదులు ధరించి, నిజాంకు ఒకే విధంగా నజరు సమర్పించేవారు. మతం కన్నా దర్బారులో కూర్చునే స్థానమే పెద్ద తేడాగా ఉండేది.

దళాలు, జమేదారులు

18వ శతాబ్దపు హైదరాబాద్ సైన్యం ఒకే జాతిది కాదు. అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు, హబ్షీలు, రాజపుత్రులు, తెలుగు నాయకులు వేర్వేరు దళాలుగా, తమ తమ జమేదారుల (దళ నాయకుల) కింద ఉండేవారు. సైనికుడు విధేయుడై ఉండేది జీతమిచ్చే జమేదారుకే, నిజాంకు కాదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నివసించిన సైనిక నివాసాలే నేటి బార్కస్. వనపర్తి రాజా దగ్గర ఉన్న ఆఫ్రికన్ రౌతుల దళం నిజాం కొలువులోకి వచ్చి, మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్ బస్తీకి పేరు మిగిల్చింది. ఉప్పల్ పక్కనున్న హబ్సిగూడ పేరు కూడా హబ్షీ సైనికుల నుంచే వచ్చిందని ప్రతీతి.

ఫ్రెంచి అధికారి మిషెల్ రేమాన్ సుమారు 14,000 మందికి యూరోపియన్ తరహా శిక్షణ ఇచ్చాడు. ఈ దళం ఖర్చులకు కూడా జాగీరు ఇచ్చారు. 1795లో ఖర్డా వద్ద మరాఠాల చేతిలో నిజాం ఓడినప్పుడు రేమాన్ దళం నిలబడింది. 1798 మార్చిలో అతడు చనిపోయాడు. అదే ఏడు అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ ఒత్తిడితో దళాన్ని నిరాయుధం చేశారు. మలక్‌పేట తూర్పున ఆస్మాన్‌గఢ్ గుట్టపై అతని సమాధి ఉంది. అతని పేరు మీదే మూసారాంబాగ్ ఏర్పడిందని స్థానికులు చెబుతారు.

1798, 1800 ఒప్పందాలతో నిజాం కంపెనీ సైన్య సహకార పద్ధతికి లోబడ్డాడు. సైన్యం ఖర్చుకింద బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను వదులుకున్నాడు. రాజ్యరక్షణ సికింద్రాబాద్ కంటోన్మెంటుకు, ఆ తర్వాత ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంటుకు మారింది. బయటి శత్రువుతో పోరాడే పని ఇక పైగా రౌతులకు లేదు. ఊరేగింపులు, కాపలా, శిస్తు వసూళ్లలో బలప్రదర్శన మాత్రమే మిగిలాయి. అయితే జాగీరు వెనక్కి తీసుకోలేదు. ఒకే రక్షణకు రాజ్యం రెండుసార్లు చెల్లించడం ఇక్కడ మొదలైంది.

ఆ చెల్లింపు ఖజానాను కుంగదీసింది. దివానీ తాలూకాల వసూలును గుత్తకు పాడుకున్న తాలూక్‌దార్లకు వదిలేశారు. జీతాల బకాయిలకు, అప్పులకు బదులుగా చాలా తాలూకాలు అరబ్, రోహిల్లా జమేదారుల తాకట్టులోకి వెళ్లాయి. కూలికి వచ్చిన సైనికులే రుణదాతలయ్యారు, వసూలు చేసేవారూ వారే అయ్యారు.

సంస్థానాలు

గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపురం), అమరచింత, పాల్వంచ, గోపాలపేట, దోమకొండ వంటి సంస్థానాలు జాగీర్లకు భిన్నమైనవి. ఇవి ఆసఫ్ జాహీల కన్నా ముందునుంచి ఉన్న స్థానిక పాలక కుటుంబాలు. ఏటా పేష్కష్ అనే కప్పం చెల్లించి, పిలిచినప్పుడు బలగాలు పంపేవి. జాగీర్దారు నగరంలో ఉండి ఊరి నుంచి డబ్బు తెప్పించుకునేవాడు. సంస్థానాధీశుడు తన కోటలోనే ఉండేవాడు. గద్వాల కోటను సోమనాద్రి కట్టించాడు. గద్వాల నేత పనివారు తయారుచేసే ఏరువాడ జోడు పంచెలను తిరుమల బ్రహ్మోత్సవాలకు సమర్పించే ఆచారం ఇప్పటికీ ఉంది. తెలుగు పండితులకు, అవధానులకు రాజ్యంలో దక్కిన ఆదరణ ఎక్కువగా ఈ సంస్థానాల నుంచే వచ్చింది.

పనితీరు: సనదు నుంచి నజరానా వరకు

తండ్రి నుంచి కొడుకుకు వెళ్లడం ఆనవాయితీ అయినా, సాధారణ జాగీరు సిద్ధాంతంలో వంశపారంపర్య ఆస్తి కాదు. జాగీర్దారు చనిపోగానే గ్రామాలను ప్రభుత్వం జప్తు చేసేది. వారసులు విరాసత్ (వారసత్వ గుర్తింపు) కోసం దరఖాస్తు చేసుకోవాలి. అతియాత్ శాఖ పాత సనదులు (దానపత్రాలు) తెప్పించి, వంశవృక్షం పరిశీలించి, భార్యలు, పిల్లల వాటాలు తేల్చి, ముంతఖబ్ అనే పత్రం ఇచ్చేది. దానికి ముందు నజరానా చెల్లించాలి. ఈ విచారణ ఏళ్ల తరబడి సాగడం మామూలు. అంతదాకా వారసులు అప్పులతో బతికేవారు. నజరానాకోసం సాహుకార్ల దగ్గర చేసిన అప్పును తీర్చడానికి గ్రామంపై అదనపు వసూళ్లు మోపేవారు. దర్బారులో సమర్పించిన నజరానా అసలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ ఊళ్ల పద్దులే చూడాలి.

జాగీర్దారు సాధారణంగా ఊరికి వెళ్లేవాడు కాదు. అతని తరఫున నాయబు లేదా కారిందా ఉండేవాడు. పంట కోతల వేళ వచ్చి, బటాయీ పద్ధతిలో ధాన్యం పంచుకోవడమో, దస్తు కింద రొక్కం తీసుకోవడమో చేసేవాడు. దివానీ గ్రామాలలో భూమి కొలిచి శిస్తు నిర్ణయించే పద్ధతి వచ్చాక కూడా చాలా జాగీరు గ్రామాలకు సర్వే జరగలేదు. రైతుకు తను దున్నే చెలక విస్తీర్ణం ఎంతో, చట్టప్రకారం చెల్లించాల్సిందెంతో రాతపూర్వకంగా తెలియదు. పక్క ఊరి ఖల్సా రైతు కట్టేదానికన్నా ఎక్కువ కట్టడం సర్వసాధారణం.

గ్రామ సమాజం

ఊళ్లో పోలీసు పటేలు శాంతిభద్రతలు, మాలీ పటేలు వసూలు, పట్వారీ లెక్కలు చూసేవారు. వీరి పదవులు వతను, అంటే వంశహక్కు. వీరి పైన పరగణా స్థాయిలో దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు ఉండేవారు. సేత్‌సింధి కాపలాకు, నీరడి చెరువు తూము నడపడానికి ఉండేవారు. కుమ్మరి, చాకలి, మంగలి, వడ్రంగి, కమ్మరి, మాదిగ వంటి వృత్తికులాలకు ఊరి ఉమ్మడి నుంచి ధాన్యంలో వంతు, కొందరికి బలూతా ఇనాం భూమి ఉండేవి. ప్రతిగా చేసే సేవ ఊరందరిదే అయినా, ఆచరణలో దొర (ఊరి భూస్వామి) గడీకే మొదటి హక్కు.

వెట్టి దీనిలోంచి పెరిగింది. అధికారి ఊరికి వస్తే బండ్లు కట్టాలి, కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, కోళ్లు, గొర్రెలు ఇవ్వాలి. పెళ్లికీ, చావుకూ, పిల్లాడి పుట్టుకకూ దొరకు మామూళ్లు చెల్లించాలి. నాగువడ్డీకి తెచ్చుకున్న గింజలకు పంట చేతికి రాగానే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. అప్పు తీరని జీతగాడిని భగేలా అనేవారు. అతని కొడుకూ అదే ఇంట్లో పనిచేయాల్సి వచ్చేది. 1936లో భగేలా ఒప్పందాలను నియంత్రించే చట్టం వచ్చినా పల్లెలో మార్పు స్వల్పం. ‘నీ బాంచెన్, కాల్మొక్త దొరా’ అనే మాట మర్యాదకు అన్నది కాదు, తప్పించుకోలేని స్థితిలో అలవాటైనది.

హైదరాబాద్ ఉమరావులపై వచ్చిన రచనల్లో నగలు, విందులు, దేవిడీలు విస్తారంగా కనిపిస్తాయి. ఆ దేవిడీలను పోషించిన ఊళ్ల పేర్లు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. ఈ లోటును పూడ్చగలిగిన ఆధారాలు గ్రామ భూమి రికార్డులైన పహాణీలలో, అతియాత్ ఫైళ్లలో చాలానే ఉన్నాయి.

సాలార్ జంగ్ సంస్కరణలు

1853 మేలో నిజాం నాసిరుద్దౌలా కాంటింజెంటు ఖర్చుకింద బేరారును కంపెనీకి అప్పగించాడు. ఆ నెలలోనే 24 ఏళ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్ జంగ్, దివాన్ అయ్యాడు. 1883లో మరణించేవరకు ఆ పదవిలో ఉన్నాడు. జమేదారుల తాకట్టులో ఉన్న తాలూకాలను విడిపించాడు. గుత్త తాలూక్‌దార్లను తప్పించి జీతం తీసుకునే అధికారులను నియమించాడు. 1865లో జిలాబందీతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు.

ఈ సంస్కరణలు దివానీ ప్రాంతానికే పరిమితమయ్యాయి. పైగా, సర్ఫ్-ఎ-ఖాస్, పెద్ద జాగీర్లు వాటి పరిధి బయటే ఉండిపోయాయి. సాలార్ జంగ్ స్వయంగా పెద్ద జాగీర్దారు కూడా. మరో పర్యవసానం దివాన్ ఊహించనిది. వసూలు పని పోయిన దేశ్‌ముఖులకు పరిహారంగా రుసూము అనే వార్షిక చెల్లింపు ఇచ్చారు. కొత్త సర్వేల సమయంలో తమ పాత పలుకుబడి, పట్వారీల సాయం వాడుకొని వారు వేల ఎకరాలను తమ పేరిట పట్టా చేయించుకున్నారు. 1940ల రైతాంగ పోరాటంలో పేర్లు వినిపించిన దేశ్‌ముఖులు చాలావరకు ఈ తీరుగా పెరిగిన భూస్వాములే. వారిని జాగీర్దార్లతో కలిపి ఒకటిగా చెప్పడం తరచూ జరిగే పొరపాటు.

జపాన్‌తో పోలిక

1600లో సెకిగహారా యుద్ధంలో గెలిచి 1603లో షోగన్ అయిన తొకుగావా ఇయెయాసు, ఎదో (నేటి టోక్యో) కేంద్రంగా స్థాపించిన సైనిక ప్రభుత్వం 1868 దాకా నడిచింది. చక్రవర్తి క్యోటోలో గౌరవస్థానంలో ఉండగా అధికారమంతా షోగన్‌దే. ఢిల్లీ పాదుషా పేరు నిలుపుతూ నిజాం స్వతంత్రంగా పాలించడం దీనికి కొంత దగ్గరగా ఉంటుంది. షోగన్ కింద సుమారు 260 మంది దైమ్యోలు తమ తమ సంస్థానాలను ఏలేవారు. హోదాను ధాన్యంలో కొలిచేవారు. ఏటా కనీసం 10,000 కొకుల బియ్యం పండే భూమి ఉన్నవాడే దైమ్యో. ఒక కొకు దాదాపు 180 లీటర్లు.

అదుపు చేసిన తీరులో పెద్ద తేడా ఉంది. షోగన్ ప్రభుత్వం 1615లో ఒక సంస్థానానికి ఒకే కోట అని ఆజ్ఞాపించింది, దైమ్యోల పెళ్లిళ్లకు అనుమతి తప్పనిసరి చేసింది. 1635 నుంచి దైమ్యో వంతులవారీగా ఎదోలో ఉండాలి, భార్యాపిల్లలు ఎప్పుడూ అక్కడే ఉండాలి. ఉమరావులు హైదరాబాద్ దేవిడీలలో ఉండిపోవడానికి అలాంటి చట్టం అవసరపడలేదు. దర్బారుకు దగ్గరగా ఉంటేనే బిరుదు, పదవి, విరాసత్ దక్కేవి.

అసలైన తేడా సైనికునికీ భూమికీ ఉన్న సంబంధంలో ఉంది. జపాన్‌లో 1588 నాటి ఆయుధాల సేకరణతో రైతుల నుంచి కత్తులు తీసేశారు. సమురాయ్ యోధులను ఊళ్ల నుంచి కోట పట్టణాలకు తరలించారు. శిస్తు ఊరంతా ఉమ్మడిగా గ్రామపెద్ద ద్వారా చెల్లించేది. చాలామంది సమురాయ్‌లకు అందేది దైమ్యో గిడ్డంగి నుంచి బియ్యపు భత్యం మాత్రమే. రెండున్నర శతాబ్దాల శాంతిలో వారిలో చాలామంది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, అధికారులు అయ్యారు. భూమిపై హక్కు లేనందున 1871లో సంస్థానాలను రద్దు చేసి, 1876లో భత్యాలను బాండ్లుగా మార్చినప్పుడు వారు ప్రభుత్వాన్ని నిలువరించలేకపోయారు. 1877 నాటి సమురాయ్‌ల సత్సుమా తిరుగుబాటు కొద్ది నెలల్లో అణగిపోయింది. హైదరాబాద్ జాగీర్దారు చేతిలో మాత్రం గ్రామమే ఉంది, కొందరికి కోర్టూ పోలీసూ కూడా ఉన్నాయి. రద్దు ఆలస్యం కావడానికి ఇది ముఖ్య కారణం. బ్రిటిష్ రక్షణ ఉన్నంత కాలం నిజాంపై బయటి నుంచి యుద్ధభయం లేదు. 1853 జులైలో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ నౌకలు తీరానికి వచ్చాక జపాన్‌కు కలిగిన ఆందోళన వంటిది ఇక్కడ పుట్టలేదు.

హైదరాబాద్ జపాన్‌ను గమనించకపోలేదు. రాజ్య విద్యాశాఖ డైరెక్టర్ రాస్ మసూద్‌ను 1922లో అక్కడికి పంపారు. జపాన్ విద్యావిధానంపై ఆయన రాసిన గ్రంథం 1923లో వెలువడింది. మాతృభాషలో ఉన్నత విద్య అనే జపాన్ అనుభవం, 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి బలమిచ్చింది. అదే 1923లో బేగంపేటలో జాగీర్దార్ల పిల్లలకు ప్రత్యేక కళాశాల తెరిచారు. విద్యలో జపాన్ పాఠం తీసుకున్న ప్రభుత్వం భూమి విషయంలో ఆ జోలికి పోలేదు.

రద్దు

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలు వెట్టిని, జాగీరు గ్రామాల అక్రమ వసూళ్లను బహిరంగ చర్చకు తెచ్చాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించడంతో రైతాంగ సాయుధ పోరాటం తీవ్రమైంది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ భారత సైన్యానికి లొంగిపోయింది. 1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో విలీనమైంది. మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌదరి హయాంలో 1358 ఫస్లీ (శిస్తు సంవత్సరం) నాటి జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టు 15 నుంచి అమలైంది. పైగాలు, సంస్థానాలు, జాగీర్లు అన్నీ దీని కిందికి వచ్చాయి. మరుసటి ఏడు పరిహారం లెక్కగట్టే కమ్యుటేషన్ రెగ్యులేషన్, కౌలుదార్ల రక్షణకు కౌలు చట్టం వచ్చాయి. 1951లో రాజ్యాంగపు తొలి సవరణతో ఏర్పడిన తొమ్మిదో షెడ్యూలులోని మొదటి 13 చట్టాలలో రెండు ఈ హైదరాబాద్ జాగీరు రెగ్యులేషన్లే. ఇనాముల రద్దు 1955లో ప్రత్యేక చట్టంతో జరిగింది.

రద్దు జాగీర్దారు వసూలు హక్కును తీసేసింది. అతని పేరిట సొంత సేద్యపు భూమిగా, తోటలుగా, భవనాలుగా ఉన్నవి అతనికే మిగిలాయి. దేశ్‌ముఖుల పట్టా భూములపై దీని ప్రభావం లేదు. రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు చెల్లించే స్థితి వచ్చింది గానీ భూమిలేని కూలీకి రద్దు వల్ల భూమి దక్కలేదు.

మిగిలిన ఆనవాళ్లు

తూర్పు హైదరాబాద్‌లో పాత భూవర్గాల పేర్లు రిజిస్ట్రేషన్ కాగితాలలో నేటికీ బతికే ఉన్నాయి. ఉప్పల్ రెవెన్యూ గ్రామం రికార్డుల్లో ఉప్పల్ ఖల్సా. మూసీ ఒడ్డున ప్లాట్లుగా మారిన నేల ఉప్పల్ భగాయత్. చిల్కానగర్‌లోనో నాచారంలోనో ఇల్లు కొనేవారు లింకు డాక్యుమెంట్లు వెనక్కి తిరగేస్తే పట్టా, ఇనాం, మక్తా, సర్ఫ్-ఎ-ఖాస్ అన్న మాటలు ఎదురవుతాయి. 1949కి ముందు ఆ నేల ఏ వర్గంలో ఉండేదో దాన్నిబట్టే ఈనాటి హక్కు బలం తేలుతుంది. ఆస్మాన్ జా కట్టించిన ఆస్మాన్‌గఢ్ ప్రాసాదం మలక్‌పేట దారిలో గుట్టపై ఉంది. బేగంపేట జాగీర్దార్ కళాశాల 1950ల తొలినాళ్లలో హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి అందరికీ తెరుచుకుంది.

అన్నిటికన్నా మొండిగా మిగిలినవి కోర్టు తగాదాలు. ఖుర్షీద్ జాహీ పైగా ఆస్తుల పంపకంపై 1958లో హైకోర్టులో నమోదైన సి.ఎస్. 14 దావా, నగరానికి పడమర హైదర్‌నగర్, హఫీజ్‌పేట భూములపై తరాల పాటు సాగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫలానా సర్వే నంబరు జాగీరుతో పాటు ప్రభుత్వపరమైందా, లేక కుటుంబపు సొంత ఆస్తిగా మిగిలిందా అన్నదే అందులో ప్రధాన ప్రశ్న. దానికి సాక్ష్యంగా కోర్టుల ముందుకు వచ్చేవి సనదులు, ముంతఖబ్‌లు, ఫస్లీ సంవత్సరాల పహాణీలే.